కంప్యూటరు కొలిమి కాదు

మొన్న సంక్రాంతికి గరివిడి వెళ్ళా. రాత్రి పదకొండు దాటాక నాన్న నా గదిలోకొచ్చి, టేబుల్ మీద గుయ్యిమంటున్న డెస్క్‌టాప్ కేసి చూసి, "ఏటిరా, ఇది రాత్తంతా ఇలాగే ఉంటాదా?" అన్నారు.

"మాటిమాటికీ ఆపి ఆన్ చేస్తే పాడైపోతుంది నాన్నా. మీ ఫర్నేసు మాత్రం ఆపేవారా?" అన్నా, పెద్ద పాయింటు లాగేసినట్టు.

ముప్పయ్యేళ్ళు ఫెర్రో అల్లాయ్స్ కొలిమి దగ్గర పనిచేసిన మనిషితో పెట్టుకున్నా!

"ఫర్నేసు ఆగితే లోపల సరుకు గడ్డకట్టుకుపోద్ది. నీది రెండు నిమిషాల్లో లేస్తాది. అయినా రాత్తంతా ఫర్నేసు నడిస్తే పొద్దున్నకి లోహం వస్తాది. నీ దాన్లోంచి ఏటొస్తాది?"

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే మన ఐటీ వాళ్ళలో చాలామంది దగ్గర లేదు. అందుకే ఈ టపా.

అసలు "ఆపితే పాడవుతుంది" అనే మాట ఒకప్పుడు నిజమే. 1946 నాటి ఎనియాక్‌లో దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులుండేవి. అవి ఎక్కువగా వేడెక్కేటప్పుడూ, చల్లారేటప్పుడూ పోయేవి. అందుకని దాన్ని ఆపకుండా ఉంచేవారు. ట్యూబులు పోయాయి, మాట మిగిలింది.

ఇప్పటి లెక్క చూడండి. డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులకి సాధారణంగా 50 వేల స్టార్ట్-స్టాపులు రేటింగ్ ఇస్తారు. రోజుకి ఐదుసార్లు ఆపినా 27 ఏళ్ళు. అన్నాళ్ళు ఏ డిస్కు వాడతాం? ఎస్ఎస్‌డీలో అయితే తిరిగే భాగమే లేదు.

2007లో గూగుల్ వాళ్ళు లక్షకి పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనాన్ని చూపించి వాదించేవాళ్ళున్నారు. మూడేళ్ళు దాటిన డిస్కుల్లో ఎక్కువసార్లు ఆగి లేచినవి కాస్త ఎక్కువ పోయిన మాట వాస్తవం. కానీ రెండేళ్ళ లోపు వాటిలో ఆ తేడా కనిపించలేదు. పైగా, ముందే తేడా చేసిన మెషిన్లకి రిపేర్లెక్కువ కాబట్టి రీస్టార్టులూ ఎక్కువై ఉండొచ్చని రాసింది కూడా ఆ పేపర్లోనే. అది మాత్రం ఎవరూ చెప్పరు.

సరే, ఆన్‌లో ఉంటే ఏమీ అరగదా? ఫ్యాను బేరింగు అరుగుతుంది, దుమ్ము పడుతుంది. కెపాసిటర్లకి ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. దానికి తోడు మా వైపు ఏప్రిల్, మే నెలల్లో ఉరుములు మొదలైతే కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. నా పాత మదర్‌బోర్డు అలాంటి రాత్రే కాలిపోయింది. "అరిగిపోతుందని" ఆపలేదు మరి!

ఇక కరెంటు. ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్‌కి 60 వాట్లు వేసుకుందాం. రాత్రికి పది గంటలు, ఏడాదికి 219 యూనిట్లు. ఒక ఆఫీసులో వెయ్యి మెషిన్లుంటే 2,19,000 యూనిట్లు. టన్ను ఫెర్రో మాంగనీసుకి ఇంచుమించు 3 వేల యూనిట్లు కావాలి. అంటే నాన్న లెక్కలో 73 టన్నుల లోహం! మనం తీసింది మాత్రం లాక్ స్క్రీను.

రాత్రి బిల్డ్ నడుస్తోందా, బయట్నుంచి ఎవరైనా లాగినవ్వాలా... ఉంచండి, తప్పులేదు. అప్పుడు లోహం వస్తున్నట్టే. పొద్దున్నే పది విండోలు మళ్ళీ తెరవడం బద్ధకమా? హైబర్నేట్ ఉంది. కరెంటు పోయినా ఎక్కడి పని అక్కడే ఉంటుంది. అంతేగానీ బద్ధకానికి హార్డ్‌వేర్ ఆయుష్షు అని పేరు పెట్టకండి. నేనూ ఇన్నేళ్ళూ అదే చేశా.

ఆ రాత్రి షట్‌డౌన్ కొట్టి, గోడ స్విచ్చి కూడా కట్టేసి పడుకున్నా. పొద్దున్న లేచింది... నిక్షేపంగా, రెండు నిమిషాల్లో.

మీ మెషిను రాత్రంతా ఏం చేస్తోందో ఇవాళ ఇంటికెళ్ళే ముందు ఓసారి చూసుకోండి.