కోర్టు మెట్ల మీద కలిమిలేములు

న్యాయస్థానం ముందు అందరూ సమానులే అయితే ఉన్నవాడే ఎందుకు ఎక్కువసార్లు గెలుస్తాడు? అమెరికన్ న్యాయ ఆచార్యుడు మార్క్ గాలంటర్ 1974లో ఒక వ్యాసంలో ఈ ప్రశ్న వేశారు. జడ్జీల అవినీతినో పక్షపాతాన్నో ఆయన వేలెత్తి చూపలేదు. ప్రభుత్వ శాఖలు, బీమా కంపెనీలు, బ్యాంకులు మాటిమాటికీ కోర్టుకొస్తాయి. ఓడేలా ఉన్న కేసును రాజీ చేసుకుంటాయి, తమకు అనుకూలమైన తీర్పు వచ్చే కేసును పైకోర్టు దాకా తీసుకెళ్తాయి. అలా ఏళ్ల తరబడి చట్టమే వాటివైపు ఒరుగుతుంది. జీవితంలో ఒక్కసారి కోర్టు గడప తొక్కే మనిషికి ఆ వీలు లేదు. వాయిదాలు కూడా అతణ్నే కుంగదీస్తాయి.

గాలంటర్ మన దేశాన్నీ లోతుగా చదివారు. రిజర్వేషన్లపై మన కోర్టులు ఇచ్చిన తీర్పులను 1984 నాటి గ్రంథంలో ఓపికగా విశ్లేషించారు.

తెలుగు రాష్ట్రాల్లో భూసేకరణ పరిహారం కోసం సర్కారుతో తలపడే రైతు పరిస్థితి సరిగ్గా ఆ ఒక్కసారి కోర్టు గడప తొక్కే మనిషిదే. ప్రభుత్వ ప్లీడరుకు అది వందల ఫైళ్లలో ఒకటి, రైతుకు ఉన్నదంతా అదే. ఉచిత న్యాయ సహాయానికి 1987లోనే చట్టం చేశాం. ఆ సహాయం కింద వచ్చే వకీలుకు తగిన ఫీజు, అనుభవం ఉండేలా చూడటం ప్రభుత్వాల బాధ్యత. పరిహారం పెంచుతూ కింది కోర్టు తీర్పిస్తే, అలవాటుగా అప్పీలుకు వెళ్లడం అవి ముందు మానాలి.