చేపలకు ఉన్న విరామం పిట్టలకు ఎందుకు లేదు?

తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఎప్పుడని అడిగితే మనలో చాలామంది ఠక్కున చెప్పేస్తాం: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలమని కారణం కూడా చెబుతాం. మరి మన పెరట్లో వేపచెట్టు మీద కాకి ఎప్పుడు గూడు కడుతుంది? ఇంచుమించు ఆ నెలల్లోనే. సరిగ్గా అప్పుడే, వానలు రాకముందే తీగలకు తగిలే కొమ్మలు కొట్టేయాలని విద్యుత్, మున్సిపల్ సిబ్బంది చెట్లెక్కుతారు. కొమ్మలు కొట్టొద్దని నేను అనడం లేదు. నెల మార్చాలంటున్నాను.

ముందు సైన్స్ చూద్దాం. పక్షి శరీరం ఏడాది పొడవునా సంతానానికి సిద్ధంగా ఉండదు. పగటి పొడవు పెరిగేకొద్దీ, పుర్రె గుండా లోపలికి చేరే వెలుగును మెదడులోని హైపోథాలమస్ గుర్తిస్తుంది. హార్మోన్లు విడుదలై, కుంచించుకుపోయి ఉన్న వృషణాలు, అండాశయం పెద్దవవుతాయి. కాలం ముగియగానే మళ్ళీ చిన్నవవుతాయి. ఎగిరే ప్రాణికి అనవసరపు బరువు పనికిరాదు కదా! అందుకే చాలా ఆడపక్షుల్లో ఎడమ అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. మన ఉష్ణమండలంలో పగటి పొడవులో తేడా తక్కువ కాబట్టి వాన, తిండి కూడా సంకేతాలవుతాయి.

కాబట్టి ఒక్కో పిట్టకు ఒక్కో ఋతువు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక జనవరి నుంచి ఏప్రిల్ దాకా చెట్టు తొర్రలో పిల్లల్ని పెంచుతుంది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా తొర్రల పిట్టే, కాకపోతే దాని కాలం మార్చి నుంచి జూన్. కోకిల కాకి గూటినే నమ్ముకుంటుంది. కోకిల గుడ్డు 12 నుంచి 14 రోజుల్లో పిల్ల అవుతుంది, కాకి గుడ్డుకు 16 రోజులైనా పడుతుంది. అంటే ఒక కాకి గూడు కూలితే రెండు జాతుల పిల్లలు పోతాయి. గిజిగాడు వానల కోసం ఆగుతుంది, దాని గూటికి పచ్చటి గడ్డిపోగులు కావాలి. పావురం మాత్రం దాదాపు ఏ నెలలోనైనా పిల్లల్ని పెంచగలదు, ఎందుకంటే దాని గొంతు కింది సంచిలోనే పాలలాంటి ఆహారం తయారవుతుంది. పెద్ద పిచ్చుక గింజలు తిన్నా, దాని పిల్లలకు పురుగులు కావాలి. మనం సిమెంటు పరిచిన పెరట్లో పావురం బతకగలదు, పిచ్చుకకు కష్టం.

చట్టం ఏమంటోంది? వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 సెక్షన్ 2(16) ప్రకారం పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్ళను చెదరగొట్టడం కూడా 'వేట' నిర్వచనంలోకే వస్తాయి. కాకి ఒకప్పుడు హానికర జీవుల జాబితాలో, అంటే ఐదో షెడ్యూల్‌లో ఉండేది. 2022 సవరణ ఆ షెడ్యూల్‌నే తీసేసింది. అయినా కొమ్మలు కొట్టే వ్యక్తి చేతిలో ఉండేది లైన్ల జాబితా, గూళ్ళ జాబితా కాదు. జర్మనీలో మార్చి 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు పొదలు, కంచె మొక్కలు నరకడం నిషిద్ధం, తేలికపాటి కత్తిరింపుకే మినహాయింపు. మనకు కావలసింది కొత్త చట్టం కాదు, ఉన్న చట్టానికి ఒక క్యాలెండర్.

దీనికి గట్టి ఎదురువాదన ఉంది. గాలివానకు కొమ్మ విరిగి తీగ తెగితే మనిషి ప్రాణం పోవచ్చు, ఆసుపత్రికి కరెంటు ఆగవచ్చు. ఇది కొట్టిపారేసే మాట కాదు. పైగా పిట్టలు గూడు కట్టని నెల అంటూ ఏదీ లేదు. అయితే నష్టం తక్కువగా ఉండే నెలలు ఉన్నాయి. పెద్ద కత్తిరింపు డిసెంబర్, జనవరిలో పెట్టుకోవచ్చు. రామచిలుక తొర్ర కాండంలోనో లావుపాటి కొమ్మలోనో ఉంటుంది, తీగకు తగిలే సన్న కొమ్మలో కాదు. వేసవిలో మళ్ళీ చిగిర్చిన లేత కొమ్మల్ని పైపైన కత్తిరిస్తే చాలు. అప్పుడు కూడా ముందు గూడుందేమో చూడాలి. ప్రమాదం లేని చోట ఆగాలి. చిన్న పిట్టల్లో చాలావాటికి గుడ్డు పెట్టింది మొదలు పిల్ల ఎగిరేదాకా ఒక నెల చాలు.

చేపల కోసం మత్స్యకారులు రెండు నెలల కూలి వదులుకుంటున్నారు, ప్రభుత్వం భృతి ఇస్తోంది. పిట్టల కోసం ఎవరూ కూలి వదులుకోనక్కర్లేదు, పని తేదీ మారితే చాలు. 51ఏ(జి) అధికరణం చెప్పిన జీవకారుణ్యాన్ని ఎస్సే పేపర్‌లో మనమందరం రాస్తాం. రేపు మీలో ఒకరు మున్సిపల్ కమిషనర్ కుర్చీలో కూర్చుంటారు. కొమ్మల కత్తిరింపు ఫైలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, సంతకం పెట్టేముందు అందులోని నెల చూడండి.