అద్దం ఎవరి చేతిలో ఉంది?

మా మారేడుపల్లిలో ఆర్నెల్లకోసారి ఏదో ఒక ఇంట్లో ఈ సభ జరుగుతూనే ఉంటుంది. అమెరికా నుంచి తిరిగొచ్చిన తల్లి, చుట్టూ మేము, మధ్యలో బాదంపప్పులు, చాక్లెట్లు. మొన్న పక్కింటి పిన్నిగారి వంతు.

"అక్కడ అందరికీ 'నేను, నేను' తప్ప మరో మాట లేదమ్మా! మా కోడల్నే చూడు. శనివారం పొద్దున్న రెండు గంటలు తననెవరూ పలకరించకూడదట. అది తన టైమట!" అన్నారావిడ. అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. నేను నొక్కుకోలేదు. అందుకే ఈ గొడవ.

అమెరికా వాళ్ళకి తమమీద తమకి వ్యామోహం ఎక్కువని మనం కొత్తగా కనిపెట్టిందేం లేదు. వాళ్ళే చెప్పుకున్నారు. క్రిస్టఫర్ లాష్ అనే చరిత్రకారుడు 1979లో దానిమీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ ఏడే జూలైలో అధ్యక్షుడు కార్టర్ టీవీలో కూర్చుని, మనిషిని చేసే పనినిబట్టి కాక కొన్న వస్తువులనుబట్టి కొలుస్తున్నామని దేశానికే చీవాట్లు పెట్టాడు. (మరుసటి ఏడు ఎన్నికల్లో ఓడిపోయాడనుకోండి!) 1986లో కాలిఫోర్నియా ప్రభుత్వం జనానికి తమమీద తమకి గౌరవం పెంచాలని, ఏడాదికి 2,45,000 డాలర్ల ఖర్చుతో ఒక సంఘాన్నే వేసింది. అలా చేస్తే నేరాలూ మత్తుమందులూ తగ్గుతాయని ఆశ. పండితులు లెక్కలు తీస్తే ఆ రెండింటికీ పెద్ద లంకె కనబడలేదు. పొగడ్తల అలవాటు మాత్రం బళ్ళల్లో ఉండిపోయింది.

అయితే లాష్ చెప్పిన అసలు సంగతి వేరు. ఈ జబ్బున్నవాడికి తనమీద ప్రేమ ఎక్కువై కాదట, లోపల డొల్ల! పదిమంది చప్పట్లు కొడితేగాని తానున్నానని నమ్మకం కలగదు. ఆ డొల్లని వ్యాపార ప్రకటనలు ఇంకా పెద్దది చేసి, అందులోకి సరుకు నింపుతాయి. ఆయన పాత కుటుంబాన్ని తలుచుకుని నిట్టూర్చినప్పుడు మాత్రం, ఆ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరున్నారో అంతగా చూడలేదని నా ఫిర్యాదు. అది అలా ఉంచండి.

ఆ కొలతతో ఇప్పుడు మనల్ని చూసుకుందామా? ఎంట్రన్సు ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు తెరవండి. తపాలా బిళ్ళలంత పిల్లల ముఖాలు, కింద ర్యాంకులు. అది కాలేజీ వ్యాపారం, సరే. ఆ పేపరు పట్టుకుని ఇంటింటికీ తిరిగేదెవరు? కొడుకు వీసా, కొడుకు కారు, కొడుకు ఇల్లు అంటూ ఫోన్లో పెట్టి, ఎంతమంది మెచ్చుకున్నారో గంటగంటకీ లెక్కపెట్టుకునేదెవరు? నలుగురి కళ్ళల్లో తప్ప మన ముఖం మనకి కనబడదు. దానికి అభిమానమని పేరు పెట్టుకున్నాం. ఆడపిల్ల అద్దం ముందు అయిదు నిమిషాలు నిలబడితే మాత్రం సోకులన్నాం!

ఉండబట్టలేక అడిగాను: "ఆ రెండు గంటలూ అమ్మాయి ఏం చేస్తుంది పిన్నిగారూ?"

"ఏం చేస్తుందీ, తలుపేసుకుని నిద్రపోతుంది. వారమంతా ఆఫీసు, పిల్లలు, వంట... అలిసిపోతుందిలే పాపం," అన్నారు. అని, ఫోన్ తీసి కొడుకు కొత్తింటి ఫొటోలు చూపించడం మొదలుపెట్టారు. నలభై ఏడు లెక్కపెట్టాను. కోడలు ఒక్కదాంట్లోనూ లేదు. అవన్నీ తీసింది ఆ పిల్లేనట.