ఈ వారం మాట: మాగ్జిమమ్

ఈ వారం మనం నేర్చుకునే ఇంగ్లీషు మాట ఇప్పటికే మీ వంటింట్లో ఉంది. ఉప్పు ప్యాకెట్టు, సబ్బు, పిల్లల బిస్కట్లు... ఏది తిప్పి చూసినా ‘ఎమ్మార్పీ’ అని కనిపిస్తుంది. ‘మాగ్జిమమ్ రిటైల్ ప్రైస్’కి అది పొట్టి పేరు. ప్రైస్ అంటే ధర. రిటైల్ అంటే చిల్లరగా అమ్మడం. కీలకమంతా మొదటి మాటలోనే ఉంది. మాగ్జిమమ్ అంటే ‘ఇంతకు మించకూడదు’ అని.

ప్యాకెట్టు మీద 20 రూపాయలని ఉందనుకోండి. కొట్టాయన 20 తీసుకోవచ్చు, 18కీ ఇవ్వొచ్చు. 21 మాత్రం అడగకూడదు. పన్నులన్నీ ఆ 20లోనే కలిసి ఉంటాయి. ఇలా పన్నులతో కలిపి అచ్చువేయాలన్న నిబంధన 1990లో వచ్చింది. చాలామంది దాన్నే ఖాయమైన ధర అనుకుని బేరం మానేస్తారు. అది పై హద్దు మాత్రమే సుమా! విడిగా తూచి ఇచ్చే పప్పులకీ, కూరగాయలకీ ఈ అచ్చు ఉండదు. అక్కడ త్రాసు మీద కన్నుండాలి.

భద్రాచలం అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో ఉన్న చర్ల లాంటి చోట్ల ఈ మాట మరీ అవసరం. ‘దూరం నుంచి తెచ్చాం, లారీ కిరాయి కలిసింది’ అన్నా, ‘ఫ్రిజ్‌లో పెట్టాం’ అన్నా హద్దు దాటడానికి వీల్లేదు. బిల్లు అడగండి. వినకపోతే తూనికలు కొలతల శాఖకు చెప్పొచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేసినా వినియోగదారుల ఫిర్యాదు రాసుకుంటారు.

ఈ మాటకు ఎదురు మాట ‘మినిమమ్’. అంటే ‘ఇంతకు తగ్గకూడదు’ అని. చర్ల వైపు ఆడవాళ్లు కొనడమే కాదు, ఇప్పపువ్వు, చింతపండు ఏరి అమ్ముతారు కూడా. అలాంటి అడవి సరుకులకు ‘మినిమమ్ సపోర్ట్ ప్రైస్’, అంటే కనీస మద్దతు ధర ఇచ్చే పథకాన్ని కేంద్రం 2013-14లో మొదలుపెట్టింది. 2020లో సవరించినప్పుడు గింజతో ఉన్న చింతపండుకు కిలో 36 రూపాయలుగా ప్రకటించారు. బజారు ధర అంతకన్నా పడిపోతే ప్రభుత్వ సంస్థలు ఆ ధరకు కొనాలన్నది ఉద్దేశం. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, తన డి.ఆర్. డిపోల్లో ఇంటి సరుకులు అమ్ముతూ అడవి సరుకు కొనే పద్ధతి పెట్టింది. సంతలో షావుకారు చెప్పిన రేటుకు తలూపే ముందు డిపోలో ఈ ఏటి రేటు అడిగి తెలుసుకోండి. ఆ ఒక్క ప్రశ్నతో బస్తా మీద ఎంత తేడా వస్తుందో మీకే తెలుస్తుంది.

కొనేటప్పుడు మాగ్జిమమ్, అమ్మేటప్పుడు మినిమమ్. ఈ రెండూ గుర్తుంటే చాలు.

ఈ వారం ఇంటిపని: మీ ఇంట్లో ఉన్న 5 ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ చూసి, మీరిచ్చిన డబ్బు పక్కన రాసుకోండి. ఎక్కడైనా హద్దు దాటిందేమో చూడండి. పిల్లల చేత చదివించండి. వాళ్లకూ ఒక మాట వచ్చేస్తుంది!