నాన్నమ్మ కుందేలు మీద పెట్టింది

మా ఇంట్లో ఏ ప్రయాణం అనుకున్నా మొదట వినపడే మాట ఒకటే. "నేను రానులే, మీరు వెళ్ళిరండి." అనేసి నాన్నమ్మ టీవీ వైపు తిరుగుతుంది. సౌండ్ మాత్రం పెంచదు. మేం బతిమాలతామేమోనని ఓ అర నిమిషం ఆగుతుందన్నమాట. మేం బతిమాలం. "అవున్లే, నీకెందుకు శ్రమ" అంటాం, ప్రేమగానే. ఇంకో సంగతి కూడా చెప్పేస్తా. ఆవిడ రానన్నప్పుడల్లా నాకు లోపల ఎక్కడో హమ్మయ్య అనిపించేది. వాకర్ డిక్కీలో పెట్టక్కర్లేదు, బాత్రూమ్ ఎక్కడుందో వెతకక్కర్లేదు, ఆవిడ అడుగుకి అడుగు వెయ్యక్కర్లేదు.

నన్ను చిన్నప్పుడు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌లో ఎగ్జిబిషన్‌కి తిప్పింది ఈ నాన్నమ్మే. ఇప్పుడు అంబేడ్కర్ స్మృతివనం ఉందే, అక్కడే. సత్యనారాయణపురం నుంచి సిటీ బస్సులో తీసుకెళ్ళి, జెయింట్ వీల్ ఎక్కించి, నేను పైన ఏడుస్తుంటే కొంగుతో నా కళ్ళు మూసి, కిందికి దిగాక అప్పడం కొనిపెట్టేది. అప్పుడు నా చిన్న కాళ్ళకి ఆవిడ ఆగింది. మరి ఆవిడ కాళ్ళకి నేను ఆగాల్సి వచ్చేసరికి నాకు లీవులు లేవు.

మోకాళ్ళు అరిగిపోయాయి ఆవిడకి. షుగరుంది, ఆపరేషన్ అంటే భయం. సూర్యారావుపేటలో ఓ షాపులో నాన్న అల్యూమినియం వాకర్ కొనుక్కొచ్చాడు. షాపులో ఎలా ఇచ్చారో అలాగే మూడు నెలలు వాడింది పాపం. ముందుకి వంగి వంగి నడిచేది, నడుం నొప్పి అంటే వయసు అనుకున్నాం. ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికి వచ్చి చూసి నవ్వింది. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలేస్తే మణికట్టు దగ్గర మడత ఎక్కడుంటుందో, వాకర్ పిడి అక్కడికి రావాలట. కాళ్ళకి బటన్లుంటాయి, నొక్కి లాగితే ఎత్తు మారుతుంది. రెండు నిమిషాల పని. నేను ఇంజనీరింగ్ చదివాను, మూడు నెలలు ఆ బటన్లు చూస్తూ తిరిగాను.

ఇంకా చెప్పింది ఆ అమ్మాయి. ముందు వాకర్, తర్వాత నొప్పి కాలు, ఆ తర్వాత మంచి కాలు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. "మంచోళ్ళు పైకి, చెడ్డోళ్ళు కిందికి, గుర్తుపెట్టుకోండి బామ్మగారూ" అంది. నాన్నమ్మకి ఆ మాట తెగ నచ్చింది. ఇప్పటికీ మెట్టు దిగుతూ ఎడమ మోకాలిని తిడుతూ ఉంటుంది. అడుగున రబ్బరు బుష్షులు అరిగిపోతే టైల్స్ మీద జారతాయి, అవి మార్చుకుంటూ ఉండాలి. ఇంట్లో వాకర్ ఉన్నవాళ్ళు ఈ పేజీ చదవడం ఆపి ఓసారి వెళ్ళి చూసి రండి. నేనిక్కడే ఉంటా.

2023లో నాకు ఆరు నెలలు ఆన్‌సైట్ వచ్చింది, ఫ్లోరిడాలో టాంపా. మా అత్తయ్య ఉండేది అక్కడే. అదే ఎండాకాలం నాన్న, నాన్నమ్మని తీసుకొచ్చాడు. శంషాబాద్‌లో ఎక్కేటప్పుడు వీల్‌చైర్ తీసుకోమంటే ససేమిరా అందట. మీకు తెలిసిందేగా, అమెరికా వెళ్ళే మన అమ్మానాన్నల్లో సగం మందికి పిల్లలు వీల్‌చైర్ బుక్ చేస్తారు. కాళ్ళు బాగోక కాదు, ఇమిగ్రేషన్ దగ్గర ఇంగ్లీషులో ఏమడుగుతారోనన్న భయంతో. తోసుకెళ్ళే మనిషి తోడుంటాడు కదా అని. వాకింగ్‌లో మనల్ని దాటిపోయే బాబాయిలు కూడా దర్జాగా కూర్చుంటారు. నిజంగా కాళ్ళు లేవని మా నాన్నమ్మ మాత్రం, "నన్నెందుకు కూర్చోబెట్టి తోస్తారు, నేనేమన్నా రోగినా" అని వాకర్‌తోనే గేటు దాకా నడిచిందట. నాన్న ఆ రోజుని ఇంకా మర్చిపోలేదు.

టాంపా నుంచి ఆర్లాండో కారులో గంటన్నర. పిల్లలిద్దరూ డిస్నీ డిస్నీ అని ప్రాణం తీశారు. నాన్నమ్మ మామూలుగానే "నేను రానులే" అంది. అత్తయ్య మాలాగా కాదు, అవున్లే అనలేదు. "స్కూటర్ తెప్పించానమ్మా" అంది. నాన్నమ్మకి స్కూటర్ అంటే తాతయ్య బజాజ్ చేతక్. "నేను నడపడమేంటే!" అని బెంబేలు పడింది.

డిస్నీ వరల్డ్ ఎంత ఉంటుందో చెప్పకపోతే ఆ స్కూటర్ ఎందుకో అర్థం కాదు. 1971లో మొదలైంది. ఇప్పుడు నాలుగు పెద్ద పార్కులు, బోలెడు హోటళ్ళు, వాళ్ళ సొంత బస్సులు. మన విజయవాడ కార్పొరేషన్ విస్తీర్ణం దాదాపు 62 చదరపు కిలోమీటర్లు. డిస్నీ వాళ్ళ జాగా వందకి పైనే. రోజంతా తిరిగితే పది కిలోమీటర్ల నడక తేలిగ్గా అవుతుంది. మోకాళ్ళు బాగున్నవాళ్ళే సాయంత్రానికి బెంచీల మీద వాలిపోతారు. అందుకే గేటు దగ్గరే స్కూటర్లు అద్దెకిస్తారు, రోజుకి 50 డాలర్ల పైమాటే. ముందుగా బుక్ చేసుకునే వీల్లేదు, ఎవరు ముందొస్తే వాళ్ళకి. పైగా ఆ పార్కు దాటించకూడదు. బయట అద్దెకిచ్చే షాపులవాళ్ళైతే హోటల్‌కే తెచ్చిస్తారు, అన్ని చోట్లకీ తీసుకెళ్ళచ్చు. అత్తయ్య అలాంటిదే తెప్పించింది.

అది స్కూటర్ కాదు, చక్రాలున్న కుర్చీ. ముందు హ్యాండిల్, దాని మీద చిన్న లీవర్. బొటనవేలితో నొక్కితే కదులుతుంది, వదిలేస్తే దానంతటదే ఆగిపోతుంది. బ్రేకు వెతుక్కోవక్కర్లేదు. అందులో నాకు బాగా నచ్చింది ఆ సంగతే, భయపడి చేతులు వదిలేసినా ప్రమాదం లేదు. స్పీడుకి ఓ గుండ్రటి మీట. ఓ చివర తాబేలు బొమ్మ, ఇంకో చివర కుందేలు బొమ్మ. భాషతో పని లేదు. నాన్నమ్మ కళ్ళజోడు సరిచేసుకుని చూసి, "ఓస్, ఇదా" అంది.

చీరతోనే అసలు చిక్కంతా. కుచ్చిళ్ళు చక్రం వైపు జారతాయి, కొంగు వెనక వేలాడుతుంది. మొదటి పది నిమిషాలు నా పని ఆ కొంగు పట్టుకుని పక్కనే పరిగెత్తడం. తర్వాత అత్తయ్య కొంగు నడుం చుట్టూ దోపి, కుచ్చిళ్ళకి రెండు పిన్నీసులు పెట్టింది. వెళ్ళేవాళ్ళు పిన్నీసులు మర్చిపోకండి.

గంటసేపు తాబేలు మీదే నడిపింది. పిల్లలు ముందుకెళ్ళిపోతున్నారు. ఒకచోట ఆగి, మీట వైపు చూసి, మా వైపు చూసి, కుందేలు వైపు తిప్పింది. అంతే, మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది! గంటకి ఆరేడు కిలోమీటర్లే, కానీ వెనక నడిచేవాళ్ళకి అది తక్కువేం కాదు. మావయ్య కాలి మీదకి కూడా ఎక్కించింది. రివర్స్ చేస్తే బీప్ బీప్ అని అరుస్తుంది కదా, మావయ్య అరుపు ఎవరికీ వినపడలేదు.

బస్సు దగ్గర డ్రైవరు దిగొచ్చి ర్యాంప్ దించాడు, స్కూటర్ లోపలికెక్కాక బెల్టులు కట్టాడు. అప్పటిదాకా క్యూలో ఉన్నవాళ్ళంతా ఆగారు, ఒక్కళ్ళు కూడా ఉసూరుమనలేదు. 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' అని బొమ్మలు పాడే పడవ ప్రయాణం ఉంది. అక్కడ స్కూటర్ వదిలేసి వాళ్ళ వీల్‌చైర్‌లోకి మారాలి, ఆ కుర్చీతో సహా ఎక్కించే పడవ వేరే ఉంటుంది. శంషాబాద్‌లో వీల్‌చైర్ వద్దని అంత గొడవ చేసిన మనిషి గమ్మున కూర్చుంది. ఎందుకో రాత్రి హోటల్లో అడిగా. "ఇక్కడ నన్నెవరూ చూడట్లేదుగా" అంది.

నేనది మంచి మనసుల గొప్పతనం అనుకున్నా. కొంత నిజమే. కానీ అక్కడ 1990లో చట్టం వచ్చింది, వైకల్యం ఉన్నవాళ్ళకి దారి లేకపోతే కోర్టుకి వెళ్ళచ్చు. ముప్పై ఏళ్ళుగా ర్యాంపులు చూస్తూ పెరిగినవాళ్ళకి స్కూటర్ మీద ముసలావిడ వింత కాదు. మనకీ 2016లో చట్టం వచ్చింది, పాత భవనాల్లోనూ దారులు వెయ్యమంది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, ఈ నియమాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చెయ్యండి అని కేంద్రానికి చెప్పింది. ఆ తప్పనిసరికీ సలహాకీ తేడా ఏంటో నాకు మొన్న డిసెంబర్‌లో తెలిసింది.

అత్తయ్యవాళ్ళు సెలవులకి వచ్చారు. పిల్లలకి హైదరాబాద్ వైపు ఓ పార్కు చూపిద్దామనుకున్నాం. పేరు చెప్పను. నాన్నమ్మ "నేను రానులే" అంది. ఈసారి నేను అవున్లే అనలేదు. పార్కుకి ఫోన్ చేశా. "వీల్‌చైర్ ఉందా అండీ?" "ఉంది మేడమ్." బ్రహ్మాండం అనుకుని బయల్దేరాం.

వీల్‌చైర్ ఉంది. ఒకటే ఉంది. ఒక టైరులో గాలి లేదు. ర్యాంప్ ఉంది, అది నున్నటి టైల్స్‌తో వేసిన జారుడుబల్ల. ఇద్దరం పట్టుకున్నా కుర్చీ వెనక్కి వస్తుంటే నాన్నమ్మ కళ్ళు మూసుకుంది. చుట్టూ జనం చూస్తున్నారు. సాయం చేద్దామనే చూస్తున్నారు, అది నాకు తెలుసు. నలుగురు కుర్రాళ్ళు వచ్చి "లేపేద్దాం ఆంటీ" అని కుర్చీతో సహా ఎత్తబోయారు. నాన్నమ్మ "వద్దు, వద్దు నాయనా" అని చెయ్యి అడ్డం పెట్టింది. లేడీస్ టాయిలెట్‌కి రెండు మెట్లు, తలుపు వాకర్ కంటే సన్నం. ఆ తర్వాత ఆవిడ మంచినీళ్ళు తాగడం మానేసింది. ఎందుకు తాగట్లేదో నాకు సాయంత్రం దాకా తట్టలేదు. మూడు గంటలు చెట్టు కింద కూర్చుని మా చెప్పులకీ బ్యాగులకీ కాపలా కాసింది.

తిరిగొచ్చేటప్పుడు సూర్యాపేట దగ్గర టీకి ఆగాం. "అందుకేనే రానన్నాను" అంది. కోపంగా కాదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

నేనడిగిన ప్రశ్నే తప్పు. వీల్‌చైర్ ఉందా అంటే ఉంది అంటారు. గేటు నుంచి లోపలికి మొత్తం మెట్లెన్ని, టాయిలెట్ గుమ్మం ఎంత వెడల్పు, నీడలో కూర్చునే చోటుందా, మా కారు ఎక్కడిదాకా వస్తుంది అని అడగాలి. ఆఫీసులో కోడ్ టెస్ట్ చేసేటప్పుడు ఇలాంటివి వంద అడుగుతా. ఇప్పుడు మనవాళ్ళూ బళ్ళు తయారుచేస్తున్నారు. ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన నియోమోషన్ అనే కంపెనీ వీల్‌చైర్‌కి ముందు మోటారు చక్రం తగిలించుకునే నియోబోల్ట్ చేసింది, రోడ్డు మీద కూడా వెళ్తుంది. బండి దొరుకుతుంది సరే. మా వీధిలో డ్రైనేజీ పలకల మీద దాన్ని ఎలా నడపాలి?

వీధి సంగతి తర్వాత చూద్దాం, మొదట గుమ్మం అనుకున్నా. మా వరండాకి మూడు మెట్లు, ఒక్కోటి ఆరంగుళాలు. మొత్తం పద్దెనిమిది. ర్యాంప్ లెక్క ఒకటికి పన్నెండు, అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. పద్దెనిమిది అడుగుల ర్యాంప్ కావాలి. వరండా నుంచి గేటుకి పదకొండు అడుగులే. మలుపు తిప్పాలి, మలుపు దగ్గర చదునుగా కొంచెం జాగా వదలాలి, కుండీలు తియ్యాలి. తాపీమేస్త్రి కొలత చూసి, "ఇంత పొడవెందుకమ్మా, సిమెంటు దండగ. ఆరడుగుల్లో దించేస్తా, స్కూటీ ఎక్కించుకోవచ్చు" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా వరండాలోంచి నాన్నమ్మ వాకర్ చప్పుడు. వచ్చి, పిడి పట్టుకుని నిలబడి, "నువ్వెక్కి చూపించు ముందు, ఆ కుర్చీలో కూర్చుని" అంది మేస్త్రితో. అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆఖరికి మలుపు ర్యాంపే ఖాయమైంది, పైన నున్నగా కాకుండా చీపురుతో గీతలు గియ్యాలని కూడా ఆవిడే చెప్పింది. ఆదివారం పోశారు. పది రోజులు తడపాలట. రోజూ పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, మా తమ్ముడు నీళ్ళు సరిగ్గా కొడుతున్నాడో లేదో చూస్తోంది. నిన్న ఫోన్‌లో నన్ను అడిగింది, భవానీ ఐలాండ్‌కి వెళ్ళే లాంచీ ఎక్కడానికి మెట్లెన్నుంటాయో కనుక్కోమని.