ఆర్చీలు లేచిన పొలాల్లో కాగితాల సంగతేమిటి?

భోగాపురం: విశాఖపట్నం నుండి శ్రీకాకుళం వెళ్ళే జాతీయ రహదారికి ఇరువైపులా భోగాపురం, పూసపాటిరేగ మండలాలలోని మెట్ట భూములు ఒక్కొక్కటిగా రూపు మార్చుకొంటున్నాయి. తుప్పలు కొట్టించి, బుల్‌డోజరుతో చదును చేయించి, గ్రావెల్ రోడ్డు పోయించి, మొగదల సిమెంటు ఆర్చి నిలబెడితే చాలు, నిన్నటి జీడితోట నేడు ‘వెంచరు’ అనిపించుకొంటోంది. ఆదివారాలు కార్లలో వచ్చే పట్నవాసులకు భోజనాలు కూడా అక్కడే.

ఈ సందడికి మూలం విమానాశ్రయం. 2015లో దానికి 15 వేల ఎకరాలు కావాలన్నారు. రైతులు ఆందోళనకు దిగారు, కోర్టుకు వెళ్ళారు. చివరకు అది 2,700 ఎకరాల చేరువకు తగ్గింది. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరొకసారి శంకుస్థాపన జరిగింది. జి.ఎం.ఆర్. సంస్థకు 2,203 ఎకరాలు అప్పగించారు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట గ్రామాలవారు ఇళ్ళు విడిచి పునరావాస కాలనీలకు తరలిపోయారు. వారు వదిలిన నేల పక్కనే ఇప్పుడు గజాల లెక్కన బేరాలు సాగుతున్నాయి.

భూమిని ముస్తాబు చేసి చూపడం తప్పేమీ కాదు. దారిలేని పొలానికి దారి వేస్తే విలువ పెరగవలసిందే. అయితే ఆ పెరిగిన విలువ ఎవరికి చేరుతున్నదన్నదే ప్రశ్న. ఎకరాకు 4,840 గజాలు. రోడ్లకు, నిబంధనల ప్రకారం వదలవలసిన 10 శాతం ఖాళీ స్థలానికి పోగా ప్లాట్లకు మిగిలేది సగానికి కాస్త పైన. ఉదాహరణకు 2,600 గజాలు మిగిలి, గజం రూ. 5 వేలకే పోయిందనుకొన్నా వచ్చేది కోటీ 30 లక్షలు. చదును, కాలువలు, కరెంటు స్తంభాలు, రుసుములు అందులోనే పోవాలి. ఈ లెక్క తెలియని రైతు బయానా పుచ్చుకొని అగ్రిమెంటు మీద వేలిముద్ర వేస్తున్నాడు. ఆ అగ్రిమెంటు మరో ఇద్దరు ముగ్గురి చేతులు మారిన తర్వాత గాని అసలు కొనుగోలుదారు కనిపించడు. భూమి అమ్మకుండా వాటాకు యిచ్చే రైతు మెరుగే గాని, అతడు కూడా తన ప్లాట్ల నెంబర్లు కాగితంలో వేయించుకొన్నప్పుడే.

డి-పట్టా భూముల సంగతి మరీ చిక్కు. ప్రభుత్వం పేదలకిచ్చిన ఈ భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. 20 ఏళ్ళు నిండినవాటికి 2023లో సవరణ తెచ్చి వెసులుబాటు కల్పించారు. 2024లో ప్రభుత్వం మారాక అలా విముక్తమైన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు ఆదేశించారు. ఈ రెండింటి నడుమ చౌకగా చేయి జార్చుకొన్నవాడు పట్టాదారే.

కొనేవారిలో సైన్యంలో పనిచేసి వచ్చినవారు, ఉపాధ్యాయులు, దూరదేశాలకు వలసపోయి నాలుగు రాళ్ళు వెనకేసుకొన్నవారు ఎక్కువ. వారు ఆర్చి చూస్తారు, కొబ్బరి మొక్కలు చూస్తారు. చూడవలసినవి వేరు. 500 చదరపు మీటర్లు మించిన లే-అవుటును రెరాలో నమోదు చేయనిదే ప్రకటించరాదని 2016 చట్టం చెబుతోంది. జి.పి.ఎ. మీద అమ్మినంత మాత్రాన హక్కు సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లోనే తీర్పు యిచ్చింది. వి.ఎం.ఆర్.డి.ఎ. ఆమోదించిన నక్షాలో ప్లాటు నెంబరు వున్నదా, సర్వే నెంబరు నిషేధిత జాబితాలో వున్నదా అని విచారించేవారు అరుదు. సముద్రం కనబడే ప్లాటని మురిపించేచోట, పోటు గీతకు 500 మీటర్ల లోపల తీరప్రాంత నిబంధనలు వర్తిస్తాయన్న మాట కరపత్రంలో వుండదు.

గెడ్డలకు పట్టిన గతి వానాకాలంలో గాని తెలియదు. చదును పేరిట గెడ్డను పూడ్చితే దిగువ చెరువుకు నీరందదు, ఎగువ పొలం మునుగుతుంది. గ్రామ నక్షాలో గెడ్డ గీత వుంటుంది. దానిని లే-అవుటు నక్షా పక్కన పరచి చూడడానికి తహసీల్దారు కార్యాలయంలో పూట పని.

ఇక భూమి లేని కూలీల మాట ఎవరూ ఎత్తడం లేదు. జీడిపిక్కలు ఏరిన ఆడవారికి, సరుగుడు నరికిన మగవారికి తోట పోతే పని పోయినట్లే. వారికి పరిహారం లేదు, వాటా లేదు. రాళ్ళు పాతిన ప్లాట్లు ఇల్లు లేవక ఏళ్ళ తరబడి గడ్డి మొలిచి పడివున్నా, పశువులను తోలుకొని వెళితే కాపలావాడు గేటు దగ్గరే ఆపుతున్నాడు.