మరమ్మతా? మార్పా?

"పాతొక రోత, కొత్తొక వింత" అన్నారు పెద్దలు. కారు కాస్త పొగ వదలినంతనే దానిని వదిలించుకొని, వాయిదాల మీద కొత్తది తెచ్చుకొనువారిని చూచినప్పుడు ఈ సామెత గుర్తుకు వస్తుంది. మరొక వర్గమువారు గలరు. తండ్రి కొన్న బండి యని, ఇంటికి శుభము తెచ్చిన బండి యని, ప్రాణము మీదికి వచ్చువరకు దానిని విడువరు. ఈ రెండు మార్గములును సరియైనవి కావని మా అభిప్రాయము. మా యింటి అనుభవమే మాకు ఈ పాఠము నేర్పినది.

2002లో మా తండ్రిగారు హైదరాబాదులో ఒక మారుతి 800 కొన్నారు. మూడు సిలిండర్లు, 796 సి.సి.ల చిన్న ఇంజను. మా తోబుట్టువులమందరము దానిలోనే బడికి వెళ్ళి పెద్దవారమైనాము. 2022లో అది నీలిపొగ వదలసాగినది. పిస్టను రింగులు అరిగి ఆయిలు మండిపోతున్నదనీ, బాగుచేయుటకు 34,000 రూపాయలగుననీ మా మెకానిక్ ఉస్తాద్ చెప్పినాడు. "అమ్మితే అంత ధర పలకని బండికి అంత ఖర్చా?" అని బంధువులు నవ్వినారు.

ఇక్కడనే చాలామంది పొరబడుదురు. మరమ్మతు ఖర్చును పాత బండి ధరతో గాక, దాని స్థానమున తేబోవు బండి ఖర్చుతో పోల్చవలెను. నాలుగు లక్షల అప్పును ఏడాదికి నూటికి 9 రూపాయల వడ్డీతో అయిదేండ్లకు తీసికొన్నచో నెలకు సుమారు 8,300 రూపాయలు, అనగా ఏటా ఇంచుమించు లక్ష కట్టవలెను. 2022 ఏప్రిల్ నుండి రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము 600 నుండి 5,000 రూపాయలకు పెరిగినది. దానిని కలిపినను మా ఖర్చు 39,000. బండి మూడేండ్లు నడచినచో ఏడాదికి 13,000 మాత్రమే. ఆ యేడే మా చెల్లెలు కళాశాలలో చేరవలసి యున్నది. అప్పు చేసి పప్పుకూడు తినుటకన్న, ఆమె ఫీజు కట్టుట మేలని తలచి, రాణిగంజిలో విడిభాగములు కొని మరమ్మతు చేయించినాము. లెక్క తప్పలేదు.

గత వర్షాకాలములో కారులో కాళ్ళ క్రింద నీరు ఊరినది. ఉస్తాద్ చాప ఎత్తి స్క్రూడ్రైవరుతో పొడువగా, అది రేకులోనుండి అవతలికి దిగిపోయినది. "ఇంజనైతే విప్పి మళ్ళీ కడతాను సాబ్. ఇది బండికి ఎముక" అన్నాడు. ఆ కారుకు వేరుగా చాసీ లేదు. అడుగు రేకు, పక్క రేకులు, పైకప్పు కలిసియే బరువును మోయును. గుద్దుకొన్నప్పుడు లోనివారిని కాచును. అవి తుప్పు తిన్న పిదప అతుకు వేసి రంగు పూయుట మరమ్మతు కాదు, ఆత్మవంచన. తనకు రావలసిన కూలిని వదులుకొని నిజము చెప్పిన ఆ పనివానికి మేము ఋణపడి యున్నాము.

మా తండ్రిగారు రెండు దినములు మౌనముగా ఉండి, మూడవనాడు తాళములు తామే తెచ్చి ఇచ్చినారు. ప్రభుత్వ గుర్తింపు గల తుక్కు కేంద్రమునకు బండిని అప్పగించి, రసీదు పుచ్చుకొని, రిజిస్ట్రేషను రద్దు చేయించినాము. మూడేండ్లుగా మిగిల్చిన సొమ్ముతో, అప్పు లేకుండ, 2020లో తయారైన ఒక పాత కారు కొన్నాము. 2019 జూలై నుండి కొత్త కార్లలో డ్రైవరుకు ఎయిర్ బ్యాగు తప్పనిసరి అయినది గనుక, అంతకు ముందటి బండ్లను చూడనే లేదు.

కావున విద్యార్థి మిత్రులారా! రేపు మీ యింట ఈ ప్రశ్న పుట్టినప్పుడు బండి వయస్సును గాని, బంధువుల మాటను గాని చూడవద్దు. అరిగినది మార్చదగిన భాగమా, లేక తక్కినవానిని మోయు ఆధారమా అని ముందుగా విచారింపుడు. మొదటిదైనచో సిగ్గుపడక బాగుచేయించుడు. రెండవదైనచో, ఎంత ప్రియమైన బండియైనను, మీవారిని దానిలో కూర్చుండబెట్టవద్దు.